పాత లిస్టులో ఒక పేరు

నాకు కాలు ఊపే జబ్బుంది. కుర్చీలో కూర్చుంటే కుడికాలు దానంతట అదే ఊగుతుంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఆపేది. తర్వాత ఆవిడా విసిగి వదిలేసింది. డాక్టరు నరాల బలహీనత అని మాత్రలు రాసిచ్చాడు. నరాలూ కాదు, బలహీనతా కాదు. ఎనభైల్లో, డిగ్రీ రెండో సంవత్సరంలో, ఒక లారీ మీద నుంచి పడిన రోజు నుంచి ఇది నాతో ఉంది.

అప్పట్లో నేను నరసరావుపేటలో చదివేవాణ్ణి. ఏ కాలేజీ అని అడగొద్దు, చెప్పను. ఎవరి పేరూ చెప్పను. పేర్లతో ఒకసారి ఆడిన ఆట చాలు. మా వైపు కుర్రాళ్లకి తెలిసిన ఆటలు కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్‌ని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. "చేతులుండగా కాళ్లతో ఆడే ఖర్మేందిరా" అని మా మేనమామ నలుగురిలో నన్ను వెక్కిరించేవాడు. మా ఫిజికల్ డైరెక్టరు ఒకాయన ఎక్కడో చదివొచ్చి ఆ పిచ్చి మాకు అంటించాడు. ఆయన్ని అందరం పీడీ గారు అనేవాళ్లం.

నేను కెప్టెన్ని. మైదానంలో ఎడమవైపు, మధ్యలో ఆడేవాణ్ణి. నాకు ముందు, సున్నపు గీత పక్కన పరిగెత్తేవాణ్ణి లెఫ్ట్ అవుట్ అంటారు. మా లెఫ్ట్ అవుట్‌ది దాచేపల్లి. వాళ్ల నాన్న లారీ మెకానిక్, రోడ్డు పక్కనే షెడ్డు. ముస్లింలు. హాస్టల్లో వాడిదీ నాదీ ఒకే గది. ఒకే సబ్బు అరగదీసేవాళ్లం, ఆ సబ్బు గురించే పోట్లాడుకునేవాళ్లం. మైదానంలో మాత్రం నాకు వాడి వంక చూసే పని ఉండేది కాదు. బంతి కాలికి తగిలితే తలెత్తకుండా ఎడమ మూలకి తన్నేవాణ్ణి. అది పడే చోటికి వాడు ముందే చేరి ఉండేవాడు.

"నీకు ఎట్టా తెలుస్తదిరా?" అని అడిగాను ఒకసారి.

"తన్నేముందు నువ్వు ముక్కు ఎగబీలుస్తావురా. ఆ చప్పుడుకి బయల్దేరతా" అన్నాడు. నిజమో, నన్ను ఏడిపించడానికి అన్నాడో ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక, దాచేపల్లిలో సిమెంటు పనికి వెళ్లే కుర్రాళ్లు ఒక జట్టు కట్టి మమ్మల్ని ఆటకి పిలిచారు. వెళ్లి గెలిచాం. సాయంత్రం బస్సు తప్పిపోయింది. మా లెఫ్ట్ అవుట్ వాళ్ల నాన్నని నేను చాచా అనేవాణ్ణి. చాచా ఆ మధ్యాహ్నమంతా ఎవరి లారీ కిందనో పడుకుని పనిచేస్తూ ఆటకి రాలేకపోయాడు. కొడుకు ఆడటం ఆయన ఎన్నడూ చూడలేదు. మేము దిక్కులు చూస్తుంటే గ్రీజు చేతులతో రోడ్డు మీదికొచ్చి, నరసరావుపేట వైపు ఖాళీగా పోతున్న తెలిసిన లారీని ఆపి, మమ్మల్ని ఎక్కించాడు. వాళ్లమ్మ వంట చేసింది, కొడుకుని ఆ పూటకి ఉండమంది. వాడు ఉంటాననే అన్నాడు. మేము పైకెక్కి పాటలు మొదలుపెట్టేసరికి వాడి మనసు లాగింది. ఇంటి వంకా లారీ వంకా చూస్తున్నాడు. నేను వంగి చెయ్యందించాను. పట్టుకుని ఎక్కేశాడు.

పిడుగురాళ్ల దాటాక ఒక మలుపులో లారీ పల్టీ కొట్టింది. నేను మిరపచేలో పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. లేచి నిలబడ్డాను. నలుగురు లేవలేదు. ఆ నలుగురిలో వాడొకడు.

రెండు నెలలు ఎవరూ మైదానం ఛాయలకి రాలేదు. గోల్ కర్రల మధ్య మేకలు పడుకునేవి. నన్ను మాత్రం ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టుండేది. క్లాసులో పది నిమిషాలు కూర్చుంటే ఊపిరాడేది కాదు, లేచిపోయేవాణ్ణి. రైలు స్టేషన్ దాకా నడిచి, మాచర్ల బండి కదిలిందాకా చూసి, మళ్లీ నడిచి వచ్చేవాణ్ణి. అన్నం నిలబడి తినేవాణ్ణి. మెస్సులో ఒకడు "అదృష్టవంతుడివిరా నువ్వు" అన్నాడని వాడి కంచం లాగి బయట పారేశాను. వాడు మంచికే అన్నాడు. అయినా నాకు కోపం ఆగలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో హాస్టల్ గోడకేసి బంతి తన్నుకుంటూ ఉండేవాణ్ణి. అది గోడకి తగిలి తిరిగొచ్చేది గనక నాకు ఆ గోడంటే ఇష్టంగా ఉండేది.

ఒకరోజు పీడీ గారు వచ్చి కాసేపు చూసి, "ఎన్నాళ్లురా గోడతో ఆడతా? మాచర్లలో కాలేజీల పోటీలున్నాయి. ఎల్దామా?" అన్నాడు. ఆయన అప్పటికి గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు. ఎల్దామన్నాను. ఎందుకన్నానో ఆలోచించలేదు. కదలడానికి ఏదో ఒకటి దొరికింది, చాలు అనుకున్నాను.

పోటీలకి పదిహేను పేర్ల లిస్టు ఆ ఏడాది కాలేజీ తెరిచిన కొత్తలోనే వెళ్లిపోయింది. అందులో నలుగురు లేరు. ఇంకొకడు కాలికి కట్టుతో మంచం మీదున్నాడు. మిగిలింది పదిమందిమి. పదకొండోవాడి కోసం వెతికితే బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన ఫస్టియర్ కుర్రాడు దొరికాడు. తాటిచెట్టంత ఎత్తు, మంచి దమ్ము. కానీ పుట్టి బుద్ధెరిగిన కాడ నుంచి ఆడింది కబడ్డీ. బంతితో ఎవడైనా ఎదురొస్తే చాలు, బంతి సంగతి మరిచిపోయి వాణ్ణి నడుం దగ్గర వాటేసుకుని కింద పడేసేవాడు. పడేసి, మెచ్చుకుంటారేమోనని మా వంక చూసేవాడు. పీడీ గారు తువ్వాలుతో వాడి చేతులు వెనక్కి కట్టేసి ఆడించాడు. మూడు నెలల తర్వాత మేము నవ్వింది ఆ రోజే. నవ్వుతున్నందుకు ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని వెంటనే ఆపేశాం.

వాణ్ణి లెఫ్ట్ అవుట్‌లో పెట్టారు. ఉన్న ఖాళీ అదే. నేను అలవాటు కొద్దీ తలెత్తకుండా తన్నేవాణ్ణి. బంతి పోయి గీత అవతల పడేది. వాడు ఎక్కడో వెనక ఉండేవాడు. "యాడ చచ్చావురా" అని అరిచేవాణ్ణి. వాడు బిక్కమొహం వేసేవాడు. వాడి తప్పు లేదని నాకు తెలుసు. తెలిసే అరిచాను, రోజూ.

ఇక లిస్టు గొడవ. ఒక పేరు తీసి ఇంకో పేరు చేర్చాలంటే, తీసే పేరుకి డెత్ సర్టిఫికెట్ జతచెయ్యాలన్నారు. పీడీ గారు నన్ను పిలిచి, నా వంక చూడకుండా, "నేను ఆ ఇళ్లకి పోలేనురా. నలుగురిలో ఎవరింటికి పోగలవో నువ్వే చూసుకుని, ఒక కాగితం పట్రా" అన్నాడు.

దాచేపల్లి వెళ్లాను. చాచా షెడ్డులో పానాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. టీ తెప్పించాడు. నిలబడే తాగాను. అడగాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చేది, ఆయన చొక్కా జేబు వంక చూసేవాణ్ణి, బోల్టుల డబ్బా వంక చూసేవాణ్ణి, మళ్లీ మింగేవాణ్ణి. నీ కొడుకు చచ్చిపోయాడని కాగితం ఇవ్వు అని ఏ నోటితో అడగను? లారీ ఆపింది ఆయన, చెయ్యందించింది నేను. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎత్తలేదు.

"మళ్లీ ఆడతన్నాం చాచా, మాచర్లలో" అన్నాను చివరికి.

"మంచిది. ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. "ఈలైతే వస్తా" అన్నాడు. నేను గ్లాసు పెట్టేసి వచ్చేశాను.

పీడీ గారితో అబద్ధం చెప్పాను. కాగితం తాలూకా ఆఫీసులోనే ఉంది, ఇప్పట్లో రాదు అన్నాను. ఆయన చాలాసేపు గోళ్లు చూసుకుని, "అయితే పాత లిస్టు మీదే ఆడదాం. పోయినోళ్లలో ఒకరి పేరుకి కొత్తోడు పలుకుతాడు" అన్నాడు.

ఇప్పుడు వింటే ఒళ్లు జలదరించే మాట ఇది. అప్పుడు ఎవరికీ అట్లా అనిపించలేదు. మా వైపు ప్రతి ఎలక్షన్‌లో చనిపోయినవాళ్లు పొద్దున్నే వచ్చి ఓటేసి పోయేవాళ్లు. మా తాత పోయిన తర్వాత రెండుసార్లు సర్పంచిని గెలిపించాడని మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. లిస్టులో పేరుండి మనిషి లేకపోతే, ఆ పేరుకి ఒక మనిషిని తెచ్చి నిలబెట్టడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. నలుగురిలో ఎవరి పేరు వాడాలని పీడీ గారు నన్నే అడిగాడు. నేను దాచేపల్లివాడి పేరే చెప్పాను. ఆడే చోటు ఒకటే గదా సార్ అన్నాను. అసలు సంగతి అది కాదు. ఆ పేరు మైదానంలో ఇంకొక్కసారి వినాలని నాకు ఉంది. పచ్చిగా చెప్పాలంటే అంతే. దానికోసం ఒక బతికున్న కుర్రాణ్ణి వాడుకున్నాను.

"అన్నా, వాళ్లమ్మకి తెలిస్తే ఎట్టా?" అన్నాడు కుర్రాడు.

"నోర్మూసుకుని పలుకు. ఆటలో కూడా అందరూ ఆ పేరుతోనే పిలవండి, అనుమానం రాకుండా" అన్నాను.

మాచర్ల మైదానం గులకరాళ్లతో ఉంది. చుట్టూ జనం కూర్చోవడానికి నాపరాళ్లు పేర్చారు. పొద్దుటి నుంచి నేను ఒక్కచోట నిలబడలేదు. గోల్ కర్రల చుట్టూ తిరిగాను, సున్నం డబ్బా చుట్టూ తిరిగాను, బూట్ల తాళ్లు విప్పి కట్టాను. నా కళ్లు మాత్రం బస్సుల రోడ్డు మీదే ఉన్నాయి. చాచా రాకూడదు, పనిబడాలి, ఏదో ఒక లారీ చెడిపోవాలి అని కోరుకున్నాను. పదకొండింటికి ఆయన వచ్చాడు. ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఎడమవైపు గీత దగ్గర నాపరాయి మీద కూర్చున్నాడు. కొడుకు పరిగెత్తే వైపు అదేనని ఆయనకి ఎవరు చెప్పారో.

ఆట మొదలవకముందు పెద్దాయన ఒకరు మైకులో పేర్లు చదువుతున్నారు. లిస్టులో పేరు పక్కనే తండ్రి పేరుంటుంది. ఆయన రెండూ చదువుతున్నారు, తీరుబడిగా, మధ్యలో సన్నాఫ్ అని నొక్కి. నేను ఆపాలనుకున్నాను, ఆపలేదు. వాడి పేరు చదివారు. సన్నాఫ్ అని చాచా పేరు చదివారు.

నాపరాయి మీద చాచా లేచి నిలబడ్డాడు. ఆఫీసుల్లో, కోర్టుల్లో పేరు పిలిస్తే లేచినట్టు చెయ్యి సగం ఎత్తాడు. అప్పుడు మా వరసలో నుంచి కబడ్డీ కుర్రాడు "ప్రెజెంట్ సార్" అన్నాడు. గట్టిగానే అన్నాడు, నేర్పినట్టే. చాచా ఆ కుర్రాడి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. చెయ్యి దించుకుని మెల్లగా కూర్చున్నాడు.

ఆ మొదటి సగం ఆట నేను ఆడలేదు, మైదానంలో ఉన్నానంతే. మావాళ్లు నేను చెప్పినట్టే ఆ పేరుతో అరుస్తున్నారు. బంతి కావాలన్నా ఆ పేరే, ఇటు రమ్మన్నా ఆ పేరే. ప్రతి అరుపుకీ చాచా తల అటు తిరిగేది. వినాలనుకున్న పేరు చెవులు పగిలేలా విన్నాను, చాలు బాబోయ్ అనిపించేదాకా విన్నాను. రెండు గోల్స్ తిన్నాం.

విజిల్ వెయ్యగానే ఆయన దగ్గరికి నడిచాను. కొడితే కొట్టించుకుందామనే వెళ్లాను. ఆయన కొట్టలేదు.

"ఆ కుర్రోడిది ఏ ఊరు?" అన్నాడు.

"బొల్లాపల్లి దగ్గర చాచా."

"పేరేంది?"

చెప్పాను. ఆయన దాన్ని ఒకసారి పైకి అనుకున్నాడు. తర్వాత జేబులో నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అంచుల్లో గ్రీజు మరకలున్నాయి.

"ఇది కావాలని మీ పీడీ గారు కార్డు రాశాడు. నాలుగిళ్లకీ రాశా, కెప్టెన్ వస్తే ఇవ్వండీ అని. నువ్వొచ్చావు. టీ తాగావు. ఎల్లిపోయావు."

"అడగలేకపోయా చాచా."

"ఆ రోజు కూడా ఇది ఈ జేబులోనే ఉందిరా" అన్నాడు. "నువ్వు అడుగుతావేమో, ఇద్దామని చూశా. అడక్కుండా నా అంతట నేనే ఇస్తే, వాడి పేరు నేనే కొట్టేసినట్టుంటదని ఇయ్యలేదు. ఇయ్యాల ఇద్దామనే వచ్చా." మైకు వంక చూశాడు. "ఇంట్లో ఆ పేరు ఎవురూ ఎత్తట్లా. వాళ్లమ్మ ముందు అసలే ఎత్తం. ఇందాక మైకులో వినపడితే, ఒక్క నిమిషం, వాడేనేమో అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. మిరపచేలో రానిది, చావుకి వెళ్లిన నాలుగు ఇళ్ల ముందు రానిది, అక్కడ జనం మధ్యలో వచ్చింది. ఆయన ఓదార్చలేదు. "బతికున్న పిల్లోణ్ణి ఆడి పేరుతో పిలవండి. మావోడి పేరుతో పిలవమాకండి" అని కాగితం నా చేతిలో పెట్టాడు.

దాన్ని తీసుకెళ్లి మైకు దగ్గర పెద్దాయన ముందు పెట్టాను. జరిగింది చెప్పాను. కాగితం కోసం వెళ్లి అడగలేదనీ, పీడీ గారికి అబద్ధం చెప్పాననీ, పేరు ఏరింది నేనేననీ చెప్పాను. పీడీ గారు నా పక్కకొచ్చి నిలబడి, "పలకమన్నది నేను సార్" అన్నాడు. పెద్దాయన కాగితం రెండుసార్లు చదివారు. మమ్మల్ని తిట్టడానికి నోరు తెరిచి, గీత దగ్గర నిలబడిన చాచాని చూసి మూసుకున్నారు.

"రూలు ప్రకారం మీ టీము అవుట్" అన్నారు చివరికి.

అవతలి కెప్టెన్ గురజాలవాడు, కోపిష్ఠి మనిషి, మొదటి సగమంతా నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. వాడు ముందుకొచ్చాడు. "గెలుపు మాకు రాసుకోండి సార్. ఆట మాత్రం ఆపమాకండి. ఇంతదూరం వచ్చి సగం ఆడి పోయేదేంది?"

పెద్దాయన స్కేలు తీసి, గీత వంకర పోకుండా ఆ పేరు మీద కొట్టారు. కింద కొత్త పేరు రాయించుకుని మైకులో చదివారు, తండ్రి పేరుతో సహా. బొల్లాపల్లి కుర్రాడు ఈసారి ప్రెజెంట్ అనడం మరిచిపోయి, సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు.

ఓడిపోయిన ఆటలో రెండో సగం మొదలైంది. కాసేపటికి బంతి నా కాలికి తగిలింది. ముక్కు ఎగబీల్చానో లేదో తెలియదు, తలెత్తకుండా ఎడమ మూలకి తన్నాను. అది గీత దాటి నేరుగా చాచా కాళ్ల దగ్గరికి పోయింది. ఆయన చెప్పు కాలితో దాన్ని ఆపాడు. ఎప్పుడూ బంతి ఎరగని కాలు, ఆపడమే కష్టమైంది. వంగి, రెండు చేతులతో తీసి, లుంగీకి దుమ్ము తుడిచాడు. త్రో అవతలివాళ్లది. వాళ్లకి ఇవ్వకుండా కాసేపు పట్టుకునే నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"మావోడు ఉండే చోటికి తన్నావు గదా?" అన్నాడు.

నేను తలూపాను.

"ఈడు యాడున్నాడో చూసి తన్నరా" అన్నాడు, బంతి వాళ్లకి విసిరేస్తూ.

బంతి మళ్లీ నాకు దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికినప్పుడు కాలి కింద తొక్కిపెట్టి తలెత్తాను. కుర్రాడు ఎడమ మూలలో లేడు. నాకు పది అడుగుల వెనక, చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. వాణ్ణి వాడి పేరుతో పిలిచి, వాడి కాళ్ల దగ్గరికి తన్నాను.